అగ్నిభద్రతలో యాజమాన్యం, కార్మిక సంఘాల ఉమ్మడి బాధ్యత

ప్రత్యేక వ్యాసం

నందికొండ: కృష్ణానదిపై ఎగువన శ్రీశైలం, దిగువన నాగార్జునసాగర్ జలవిద్యుత్ కేంద్రాలు రాష్ట్ర విద్యుదుత్పత్తిలో ప్రముఖ స్థానం వహిస్తున్నాయి. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రం స్థాపిత సామర్థ్యం 900 మెగావాట్లు కాగా, నందికొండ వద్ద సాగర్ ప్రధాన కేంద్రం సామర్థ్యం 815.6 మెగావాట్లు. ఇటువంటి కేంద్రాలలో అగ్నిభద్రత ఎంత కీలకమో 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలంలో సంభవించిన దుర్ఘటన తేటతెల్లం చేసింది.

భూగర్భ కేంద్రంలో బ్యాటరీల మార్పిడి పనులు సాగుతున్న సమయంలో రాత్రి సుమారు 10.30 గంటలకు మంటలు చెలరేగాయి. దట్టమైన పొగ కేంద్రాన్ని, సొరంగ మార్గాన్ని కమ్మివేసింది. కొందరు బయటపడగలిగారు. 9 మంది ప్రాణాలు కోల్పోయారు. వీరిలో ఏడుగురు జెన్‌కో సిబ్బంది కాగా, ఇద్దరు బ్యాటరీల పని నిమిత్తం వచ్చిన ప్రైవేటు సంస్థ ఉద్యోగులు. డి.ఇ. స్థాయి అధికారి మొదలు జూనియర్ ప్లాంట్ అటెండెంట్ వరకు అన్ని హోదాల వారూ మృతులలో ఉన్నారు. ఘటనపై రాష్ట్ర ప్రభుత్వం సి.ఐ.డి. విచారణకు ఆదేశించింది. అదే ఏడాది అక్టోబరులో రెండు యూనిట్లలో ఉత్పత్తి పునఃప్రారంభమైంది.

ఆ రాత్రి సహాయక బృందాలు కేంద్రం వద్దకు చేరుకున్నప్పటికీ, పొగ కారణంగా గంటల తరబడి లోనికి వెళ్లలేకపోయాయి. అగ్నిమాపక దళం ఎంత సమర్థమైనదైనా, భూగర్భ కేంద్రంలో తొలి నిమిషాల భారం లోపలి సిబ్బందిపైనే పడుతుంది. ఏ ద్వారం తెరుచుకుంటుంది, ఏ దీపం ఆరిపోయింది, శ్వాస పరికరాలు ఎన్ని ఉన్నాయి అన్నది నిత్యం షిఫ్టులో పనిచేసే వారికే ముందుగా తెలుస్తుంది. ఆ సమాచారం యాజమాన్యానికి సకాలంలో చేరాలంటే ఇరువర్గాలు కూర్చొని మాట్లాడే వేదిక అవసరం.

చట్టం ఈ వేదికను ఏనాడో కల్పించింది. 1984 నాటి భోపాల్ విషాదం అనంతరం 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియలు గల కర్మాగారాలలో యాజమాన్య, కార్మిక ప్రతినిధులు సమసంఖ్యలో ఉండే భద్రతా కమిటీలకు వీలు కల్పించారు. ఆ ప్రక్రియల జాబితాలో విద్యుదుత్పత్తి పరిశ్రమలు కూడా చేరాయి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ సైతం భద్రతా కమిటీలో కార్మిక ప్రతినిధుల సంఖ్య యాజమాన్య ప్రతినిధుల సంఖ్యకు తగ్గరాదని నిర్దేశించింది. ప్రమాదం పొంచి ఉందని భావించిన కార్మికుడు ఆ విషయాన్ని యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కును కూడా గుర్తించింది.

అయితే చట్టంలో ఉన్నంత మాత్రాన కమిటీ పనిచేయదు. సంఘాలు భద్రతను వేతన సవరణ, పదోన్నతుల వంటి డిమాండ్ల జాబితాలో చిట్టచివరి అంశంగా పరిగణించరాదు. యాజమాన్యం సైతం సిబ్బంది హెచ్చరికను ఫిర్యాదుగానో, ఆందోళనకు నాందిగానో చూడరాదు. మాక్ డ్రిల్ తేదీ, లోపాల నమోదు, వాటిని సరిదిద్దే గడువు ఉభయుల సంతకాలతో ఖరారు కావడం శ్రేయస్కరం.

ఈ కమిటీల పరిధి వెలుపల మిగిలిపోయే వర్గం మరొకటి కలదు. శ్రీశైలం మృతులలో ఇద్దరు సంస్థ ఉద్యోగులు కారు. తాత్కాలిక పనులకు వచ్చే కాంట్రాక్టు సిబ్బందికి గుర్తింపు పొందిన సంఘంలో స్థానం ఉండకపోవచ్చు, కేంద్రం దారులపై అవగాహన లేకపోవచ్చు. లోనికి అడుగిడే ముందే వారికి నిష్క్రమణ మార్గాలను చూపించే బాధ్యతను యాజమాన్యంతో పాటు సంఘాలూ స్వీకరించాలి.

సాగర్ ప్రధాన కేంద్రం భూగర్భంలో లేకపోయినా కేబుళ్లు, బ్యాటరీలు, ట్రాన్స్‌ఫార్మర్ నూనె ఇక్కడా ఉన్నాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో జరిగిన పేలుడులో అసువులు బాసిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థం ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక సేవా వారోత్సవాలు నిర్వహిస్తున్నారు. ఆ వారంలో జరిగే ప్రదర్శనలకు విద్యుత్ కేంద్రాల భద్రతా కమిటీలు, కార్మిక సంఘాలు, అగ్నిమాపక అధికారులు కలిసి రూపకల్పన చేసినట్లయితే, బయటి నుంచి వచ్చే దళానికి లోపలి దారి ముందుగానే తెలిసి ఉంటుంది.