పేరు మార్చుకున్న వంతెన

పిల్లలూ, మీరు పిజ్జా మీంచి ఏరి పక్కన పెట్టే హాలపీన్యో మిరపకాయకి ఆ పేరు మెక్సికోలోని హలాపా నగరం వల్ల వచ్చింది. వెరాక్రూజ్ రేవు నుంచి హలాపా కొండలెక్కే పాత దారిలో పుయెంతె నాసియొనాల్ అనే పల్లెప్రాంతం ఉంది. మన మండలంలాంటిదనుకోండి. ఆ పేరుకి అర్థం 'జాతీయ వంతెన'. ఈసారి కథ ఆ వంతెనదే.

మెక్సికో గనుల్లోని వెండి స్పెయిన్ చేరాలంటే ముందు వెరాక్రూజ్‌కి దిగాలి. కంచరగాడిదల మీద కొండదారి ప్రయాణం. బళ్ళు నడిచే రోడ్డు కావాలని వెరాక్రూజ్ వర్తకసంఘం 1800ల మొదట్లో పని మొదలుపెట్టించింది. ఆంతిగ్వా నది మీద రాతి కమానులతో కట్టిన వంతెనకి 'రాజుగారి వంతెన' అని పేరు పెట్టారు. కట్టినవాళ్ళు మాత్రం ఆ ప్రాంతపు కూలీలే అయి ఉంటారు, రాజుగారు కాదు!

1810లో స్వాతంత్ర్య పోరాటం మొదలైంది. తిరుగుబాటు నాయకుడు గ్వాదలూపె విక్తోరియాకి ఆ వంతెన విలువ బాగా తెలుసు. దాన్ని పట్టుకుంటే చాలు, రాజుగారి వెండి కదలదు. రాజుగారి సొమ్ము కోసం వేసిన దారి ఆయన సొమ్ముకే అడ్డుగోడ అయింది. స్పెయిన్ సైన్యం 1815లో వంతెనని తిరిగి లాక్కుంది గానీ, 1821లో దేశమే చేజారింది. వంతెన జాతీయమైంది. 1824లో విక్తోరియా మెక్సికో తొలి అధ్యక్షుడయ్యాడు.

అమెరికా స్కూళ్ళలో చదివే పెద్ద పిల్లలకి 1847 యుద్ధంలో జనరల్ స్కాట్ వెరాక్రూజ్‌లో దిగి మెక్సికో నగరం దాకా వెళ్ళాడని తెలిసే ఉంటుంది. ఆ సైన్యం నడిచింది ఈ వంతెన మీదుగానే. రాబర్ట్ లీ, యులిసిస్ గ్రాంట్ అప్పుడు ఒకే సైన్యంలో ఉన్నారు. స్కాట్ వెనకాల వస్తున్న సామానుబళ్ళ మీద ఆ వేసవిలో మెక్సికన్ గెరిల్లాలు ఇక్కడే విరుచుకుపడ్డారు. పాఠంలో గెలుపు దగ్గర ఆగకుండా, ఈ ఊరివాళ్ళ వైపు నుంచి కూడా ఆ యుద్ధాన్ని ఒకసారి ఊహించి చూడండి.

1873లో రైలు వచ్చింది, అదీ ఒరిజాబా మీదుగా, వేరే దారిలో. దాంతో ఇక్కడ రద్దీ తగ్గింది. రాతి వంతెన ఇప్పటికీ ఉంది. మ్యాపులో వెతికేటప్పుడు వెరాక్రూజ్ రాష్ట్రం అని కూడా చేర్చండి, కొలంబియాలో ఇదే పేరుతో ఇంకో ఊరుంది.