మచ్చను దాచనక్కరలేని సంఘం కావాలి

ఒంటి మీద మచ్చ దురద పెడితే, మండితే వెంటనే మందు కోసం వెదుకుతాం. కుష్ఠు మచ్చ అలా కాదు. సాధారణంగా దురద ఉండదు, నొప్పి ఉండదు. చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయి గానీ కాస్త ఎర్రగా గానీ ఉంటుంది. తాకినా, వేడి తగిలినా అక్కడ స్పర్శ తెలియదు. బాధ లేదు గనుక పట్టించుకోం. ఈలోగా నరాలు దెబ్బతిని వేళ్లు వంగిపోతాయి, పాదానికి తగిలిన గాయం తెలియక పుండవుతుంది.

ఇది సూక్ష్మక్రిమి వల్ల వచ్చే జబ్బని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొన్నాడు. శాపం కాదు, పాపఫలం కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు వాడితే నయమవుతుంది. మందులు మొదలుపెట్టాక ఇతరులకు సోకే భయం త్వరలోనే పోతుంది. ఆలస్యమైతే మాత్రం వంగిన వేళ్లు మందులతో తిరిగి రావు.

ఈ జబ్బు పోయిందనుకోవద్దు. ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశంలోవే. మనవాళ్లు తరతరాలుగా ఉంటున్న ఒడిశా, మహారాష్ట్రల్లోనూ ఇవి ఎక్కువే.

మందు ఉండగా మచ్చను ఎందుకు దాస్తారు? సిగ్గు వల్ల, వెలివేస్తారన్న భయం వల్ల. ఒకప్పుడు కుష్ఠు ఉంటే విడాకులు ఇవ్వవచ్చని చట్టాలే చెప్పేవి. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలోనూ ఆ మాట ఉండేది. 2019లో దాన్ని తీసేశారు. చట్టం మారింది గాని ప్రసంగ వేదిక మీది మాట మారలేదు. పాపానికి పోలిక కావాలంటే ఇప్పటికీ కుష్ఠే గుర్తొస్తుంది. లేవీయకాండము 13, 14 అధ్యాయాల్లోని హెబ్రీ మాటను బట్టలకూ ఇంటి గోడలకూ కూడా వాడారు. అది నేటి ఈ జబ్బు పేరే అనలేం. ఆ పోలిక విన్న విశ్వాసి తన మచ్చ గురించి ఎవరితో చెప్పుకుంటాడు? మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు ఆ మనిషిని ముందు ముట్టుకున్నాడు. మన ప్రసంగాలు అక్కడ మొదలవ్వాలి.

యవ్వనస్థులకు మా మనవి ఇదే. స్పర్శలేని మచ్చ, చేతికాళ్ల తిమ్మిరి, పట్టు తప్పే వేళ్లు ఎవరిలో కనిపించినా ఆ వారంలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. ప్రార్థన చేయండి, మందు మాన్పించకండి. సంఘంలో ఒక ఆదివారం ఆశా కార్యకర్తను పిలిచి మాట్లాడించండి. "కుష్ఠురోగి" అని కాదు, పేరు పెట్టి పిలవండి, పక్కన కూర్చోండి.