డిక్కీ నిండితే చాలదు

దూరప్రయాణానికి కారును సిద్ధం చేయడమంటే చాలా కుటుంబాల దృష్టిలో ట్యాంకు నింపించడం, గాలి కొట్టించడం, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం. కాస్త ముందుచూపు ఉన్నవారు స్టెప్నీ, జాకీ, టార్చి, మందుల పెట్టె కూడా సర్దుకుంటారు. ఇవన్నీ అవసరమే. కానీ దారిలో ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఏం జరుగుతోందో కారులో ఉన్నవారికి అర్థం కాకపోతే ఆ సామాను అక్కరకు రాదు.

2022 జనవరి 7 రాత్రి పాకిస్థాన్‌లోని మర్రీ అనే పర్వత పట్టణం దారిలో, మంచు చూడటానికి వెళ్లినవారి కార్లు వేల సంఖ్యలో చిక్కుకుపోయాయి. తెల్లారేసరికి 20 మందికి పైగా తమ కార్లలోనే చనిపోయి ఉన్నారు. వారిలో పిల్లలూ ఉన్నారు. చలితో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా ఈ మరణాలకు కారణమని భావించారు. సైలెన్సర్ గొట్టాన్ని మంచు కప్పేస్తే, హీటరు కోసం నడుస్తున్న ఇంజిను పొగ కారు లోపలికి చేరుతుంది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత మగత వస్తాయి. ప్రయాణపు అలసట అనుకుని నిద్రపోయినవారు మళ్లీ లేవకపోవచ్చు. గొట్టం చుట్టూ మంచు తీసేయడం, ఇంజినును కాసేపే నడిపి ఆపడం, కిటికీ కొద్దిగా దించి ఉంచడం ప్రాణాలు నిలిపే పనులు. వీటికి పైసా ఖర్చు లేదు. కశ్మీర్, మనాలీ వెళ్లే తెలుగు కుటుంబాలకే ఈ ముప్పు ఉందనుకోవడం పొరపాటు. మూసిన షెడ్డులో ఏసీ వేసుకుని కారులో కునుకు తీసినా ప్రమాదం ఇదే.

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువగా ఎదురయ్యేది నీటి గండం. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. అంత బరువైన కారు ఎలా తేలిందన్న ప్రశ్నకు బడిలో చదివిన ఆర్కిమెడిస్ సూత్రమే జవాబు. చిన్న కారు బరువు సుమారు 1000 కిలోలు. ఒక ఘనమీటరు నీటిని పక్కకు నెడితే అది తేలుతుంది. దాని అడుగు వైశాల్యం దాదాపు 5 చదరపు మీటర్లు కాబట్టి, నీరు అడుగుభాగం కంటే 20 సెంటీమీటర్లు పైకి వస్తే చాలు. రోడ్డు నుంచి కొలిస్తే అది మోకాలి లోతుకు మించదు. అంతకు ముందే టైర్లకు పట్టు తప్పుతుంది. తలుపు అర మీటరు మేర మునిగితే బయటి నుంచి వంద కిలోలకు మించిన ఒత్తిడి పడుతుంది. అందుకే కారు తేలగానే చేయాల్సిన మొదటి పని సీటు బెల్టు విప్పి కిటికీ దించడం. అద్దం పగలగొట్టే సుత్తి ఉన్నా, ముందు అద్దంపై కొడితే లాభం లేదు. అది మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం, పగుళ్లిచ్చినా ఊడిరాదు. చాలా కార్లలో పక్క అద్దం మూలన కొడితే పొడిపొడిగా రాలిపోతుంది.

ఇక రాత్రిపూట హైవేపై బండి ఆగిపోయిన సందర్భం. ఎర్ర త్రికోణాన్ని చాలామంది కారును ఆనించినట్టే పెడతారు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 28 మీటర్లు దూసుకొస్తుంది. డ్రైవరు చూసి బ్రేకు వేసేలోపే 40 మీటర్లు గడుస్తాయి, ఆగడానికి మరో 50 మీటర్లు కావాలి. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ. త్రికోణం వంద మీటర్ల వెనక ఉంటేనే దానికి అర్థం. దాన్ని పెట్టేవారు ఎదురొచ్చే బండ్లను చూస్తూ రోడ్డు అంచున నడవాలి. మిగతావారు కారు దిగి రెయిలింగుకు అవతల నిలబడాలి.

ఈ సంగతులు నేర్పించేది ఎవరు? లైసెన్సు పరీక్షలో అడిగేది ప్రధానంగా సంకేతాలు, నిబంధనలు. ట్రాక్ మీద చూసేది స్టీరింగు పట్టు. మరోవైపు పరికరాలు మారిపోతున్నాయి. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడిని చూపే వ్యవస్థ, పంక్చరు కిట్టు ఉంటే స్టెప్నీ అక్కర్లేదని 2020లో కేంద్రం నిబంధన సవరించింది. ఆ కిట్టులోని ద్రవం మేకు చేసిన చిన్న రంధ్రాన్ని పూడుస్తుంది తప్ప, టైరు పక్కగోడ చీలితే పనికిరాదు. కొన్నవారికి ఈ తేడా అర్ధరాత్రి ఘాట్ రోడ్డు మీద తెలియకూడదు.

లైసెన్సు ఇచ్చే ముందు అరగంట ఆచరణాత్మక శిక్షణ తప్పనిసరి చేయాలి. ఉన్న పరీక్షలకే దిక్కులేదు, కొత్త భారం ఎందుకని కొందరు అనవచ్చు. కానీ చక్రం మార్చడం, త్రికోణం ఎక్కడ పెట్టాలో అడుగులు లెక్కపెట్టి చూపడం ఏ డ్రైవింగ్ స్కూల్లోనైనా సాధ్యమే. అప్పటిదాకా ప్రతి ఇల్లూ ఆ పని తానే చేసుకోవచ్చు. ప్రయాణానికి ముందురోజు స్టెప్నీలో గాలి చూసి, జాకీ ఒకసారి బిగించి, సుత్తిని డిక్కీలో కాక చేతికందేచోట పెట్టాలి. 112తో పాటు జాతీయ రహదారుల సహాయ నంబరు 1033 పిల్లలకూ గుర్తుండాలి. ఎందుకంటే స్పృహ తప్పినది డ్రైవరే కావచ్చు.