ఇంట్లో మరమ్మతులు: కొత్త చైను వేసినా గరగర ఎందుకు?



బడులు తెరిచే ముందు పిల్లల సైకిళ్ళు బాగు చేయించడం మన ఇళ్ళలో మామూలే. టైర్లు చూస్తాము, బ్రేకులు సరిచేయిస్తాము, చైను పాడైతే కొత్తది వేయిస్తాము. కొత్త సామాను పడ్డాక సైకిలు ఇంకా తేలికగా సాగాలి గదా! కాని కొన్నిసార్లు అందుకు భిన్నంగా జరుగుతుంది. పాత చైనుతో బాగానే తిరిగిన పెడలు కొత్త చైను వేశాక గరగరమంటుంది. కాలి కింద ఏదో పట్టి వదిలినట్లు తగులుతుంది. ఈ నెల ఆ సంగతి చూద్దాం. ముందుగా నా పొరపాటు ఒకటి చెబుతాను.

మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికి సైకిలు మీద వెళ్ళేది. చైను మాటిమాటికీ ఊడిపోతుంటే సైకిలు షాపుకు తీసుకువెళ్ళాను. అక్కడి మేస్త్రి చైనును వేలితో ఎత్తి చూసి, "మాస్టారూ, చైనొక్కటే కాదు, వెనక ఫ్రీవీలు కూడా మార్చాలి" అన్నాడు. ఫ్రీవీలు తిరుగుతూనే ఉంది గదా, దానికి డబ్బు దండగ అనుకుని చైను మాత్రమే వేయించాను.

మర్నాడు సాయంత్రం అమ్మాయి, "నాన్నా, పెడలు గరగరమంటోంది. గట్టిగా తొక్కితే టక్కుమని జారుతోంది" అని చెప్పింది. నేను పేపరు నుండి తల ఎత్తకుండానే, "కొత్త చెప్పులు నాలుగు రోజులు కరవవా? ఇదీ అంతే. తొక్కుతూ ఉంటే అదే సర్దుకుంటుంది" అన్నాను. రెండు రోజుల తరువాత మళ్ళీ చెప్పింది. మళ్ళీ అదే జవాబు. ఆ తరువాత ఆమె చెప్పడం మానేసింది.

ఎనిమిదో రోజు ఓవర్ బ్రిడ్జి ఎక్కుతూ పెడళ్ళ మీద లేచి నిలబడి తొక్కింది. చైను ఫ్రీవీలు పళ్ళ మీదుగా దూకింది. కాలు జారి పక్కకు పడిపోయింది. వెనుక వస్తున్న బస్సు దూరంలో ఉండబట్టి డ్రైవరు ఆపగలిగాడు. మణికట్టు ఎముక చిట్లి నెల రోజులకు పైగా కట్టుతో ఉంది. ఫ్రీవీలు దగ్గర నేను మిగుల్చుకున్న డబ్బు ఆ ఎక్స్‌రేకే చాలలేదు. అమ్మాయి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

అసలు ఏం జరుగుతుంది?

చైనులో ఒక పిన్ను నుండి పక్క పిన్నుకు దూరం సరిగ్గా అర అంగుళం. చైను కదిలినప్పుడల్లా పిన్నులూ వాటి చుట్టూ ఉన్న చిన్న గొట్టాలూ దుమ్ముతో రాసుకుని అరుగుతాయి. ఒక్కొక్క చోట అరుగుదల వెంట్రుకవాసి మాత్రమే. కాని వందకు పైగా లింకులు ఉంటాయి కాబట్టి మొత్తం మీద చైను పొడవు పెరుగుతుంది. దీనినే మనం "చైను సాగింది" అంటాము. నిజానికి ఇనుము సాగలేదు, పిన్నులు అరిగాయి.

పొడవు పెరిగిన చైను పళ్ళ మీద కాస్త పైకెక్కి కూర్చుని, వాటిని కూడా తన కొలతకే అరగదీస్తుంది. నిటారుగా ఉండవలసిన పన్ను ఒక పక్కకు వంగిన కొక్కెంలా తయారవుతుంది. కలిసి అరిగినవి కలిసి తిరుగుతాయి కాబట్టి అంతవరకు మనకు ఏమీ తెలియదు. అర అంగుళం కొలతకు సరిగ్గా ఉన్న కొత్త చైను వచ్చినప్పుడు ఆ అరిగిన సందుల్లో అది కుదరదు. కొక్కేనికి తగులుకుని, పట్టి, వదులుతుంది. అదే గరగర. బలంగా తొక్కినప్పుడు పన్ను మీదికెక్కి దూకుతుంది. అదే ప్రమాదం.

ఈ అరుగుదల ముందు పళ్ళచక్రం కంటే వెనుక ఫ్రీవీలుకే త్వరగా వస్తుంది. మా సైకిలుకు ముందు 44 పళ్ళు, వెనుక 18. పెడలు ఒక చుట్టు తిరిగేసరికి వెనుక ఫ్రీవీలు దాదాపు రెండున్నర చుట్లు తిరగాలి. పళ్ళు తక్కువ, పని ఎక్కువ.

పాత చైను పారేయకండి

పాత చైనును షాపులో వదిలేయకుండా స్కేలుతో కొలవండి. బిగువుగా పట్టుకుని, ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి, అక్కడి నుండి 24 లింకులు లెక్కపెట్టండి. కొత్త చైనుకైతే 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. అంగుళంలో 16వ వంతు ఎక్కువ వస్తే చైను మార్చే వేళ అయింది. అప్పుడే మారిస్తే ఫ్రీవీలు చాలావరకు దక్కుతుంది. 8వ వంతు ఎక్కువ వచ్చిందంటే ఫ్రీవీలు కూడా చాలా మటుకు అరిగిపోయి ఉంటుంది, రెండూ కలిపి మార్చాలి. ప్రమాదం తరువాత మా పాత చైనును అడిగి తెచ్చుకుని కొలిచాను. 8వ వంతు కూడా దాటిపోయింది. మేస్త్రి వేలితోనే చెప్పిన సంగతి నాకు స్కేలు చెబితే గాని తెలియలేదు.

గరగర ఎక్కడిది?

అన్ని గరగరలకూ ఫ్రీవీలే కారణం కాదు. ఈ వరుసలో చూడండి.

1. స్టాండు వేసి, ముందు పళ్ళచక్రం నుండి చైను తప్పించి, పెడళ్ళను చేతితో తిప్పండి. అప్పుడు కూడా గరగరమంటే తప్పు చైనులో లేదు, పెడళ్ళ ఇరుసులో ఉంది. కప్పులు మరీ బిగించి ఉండవచ్చు, గోళీలు అరిగి ఉండవచ్చు, గ్రీజు లేకపోవచ్చు. అలాగే వెనుక చక్రాన్ని విడిగా తిప్పి చూడండి.

2. చైను మళ్ళీ ఎక్కించి తిప్పుతూ, ఎన్ని చుట్లకు ఒకసారి తగులుతుందో లెక్కపెట్టండి. పెడలు ప్రతి చుట్టుకూ ఒకే చోట తగిలితే పళ్ళచక్రం వంగి ఉంటుంది, లేదా క్రాంకు పిన్ను వదులై ఉంటుంది, లేదా క్రాంకు చైను కవరుకు రాసుకుంటుంది. రెండున్నర చుట్లకు ఒకసారి తగిలితే చైనులో ఏదో ఒక లింకు బిగుసుకుపోయిందన్నమాట, ఎందుకంటే మా సైకిలు లాంటి దానిలో చైను పూర్తిగా ఒకసారి తిరగడానికి సుమారు అన్ని చుట్లు పడుతుంది. పెడలును వెనక్కి మెల్లగా తిప్పితే ఆ లింకు సరిగ్గా మడతపడక కంటికి కనిపిస్తుంది. దానిని రెండు చేతులతో అటూ ఇటూ కొద్దిగా వంచి, ఒక చుక్క నూనె వేస్తే చాలు.

3. చైను మరీ బిగువుగా ఉన్నా గరగరే. కింది వైపు చైను మధ్యలో వేలితో కదిపితే సుమారు అర అంగుళం ఆడాలి. పళ్ళచక్రాలు ఖచ్చితమైన గుండ్రంగా ఉండవు కాబట్టి పెడలును నాలుగైదు చోట్ల ఆపి చూసి, అన్నిటికంటే బిగువుగా ఉన్న చోట ఆ కొలత ఉండేటట్లు చక్రాన్ని జరపాలి.

4. వెనుక నుండి వంగి చూడండి. ముందు పళ్ళచక్రం, వెనుక ఫ్రీవీలు ఒకే గీతలో ఉండాలి. వాషర్లు మారినా, ఇరుసు మారినా ఈ గీత తప్పుతుంది. పళ్ళకు ఒక పక్క మాత్రమే రాసుకుని మెరుస్తుంటే అదే గుర్తు.

5. చైనుకు లాకు లింకు ఉంటే దాని మూసిన కొస చైను పరుగెత్తే వైపుకు ఉండాలి.

ఇవన్నీ సరిగా ఉండి, బలంగా తొక్కినప్పుడు మాత్రమే జారుతుంటే ఇక సందేహం లేదు, పళ్ళు అరిగాయి. ఖాళీ వీధిలో మీరే ఎక్కి, కూర్చునే వెనుక బ్రేకు కొద్దిగా పట్టి గట్టిగా తొక్కండి. జారితే అక్కడే తెలుస్తుంది. ఆ సైకిలును ఇక బడికి పంపకండి.

గేర్ల సైకిలు ఉన్నవారు మరి మూడు సంగతులు చూడాలి. వెనుక ఎన్ని పళ్ళచక్రాలు ఉన్నాయో ఆ లెక్కకు తగిన వెడల్పు గల చైనే వేయాలి. వెనుక గేరు మార్చే చేతిలోని రెండు చిన్న చక్రాల మధ్య ఒక సన్నని రేకు ఉంటుంది. చైను దానికి తప్పుడు పక్కగా దూరితే అదేపనిగా గీసుకుంటుంది. కొత్త చైను వేసేటప్పుడు ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది. ఇక గేరు తీగ కూడా కొత్తదైతే కొద్ది రోజుల్లో అది కాస్త వదులై, చైను పక్క పళ్ళకు తగులుతుంది. తీగ చివర ఉన్న మరను కొద్దికొద్దిగా తిప్పి బిగువు చేస్తే సరిపోతుంది.

కొత్త చైను మీది చిక్కని గ్రీజు వలన మొదటి రోజుల్లో కొద్దిపాటి చప్పుడు రావచ్చు, అది తగ్గిపోతుంది. తొక్కడం ఆపినప్పుడు ఫ్రీవీలు టకటకమనడం కూడా మామూలే. వంటనూనె మాత్రం పోయకండి, కొన్నాళ్ళకు జిగురై దుమ్మును పట్టుకుంటుంది. సైకిలు నూనె లింకుకు ఒక చుక్క వేసి, పైన ఉన్నదంతా గుడ్డతో తుడిచేయండి.

తల్లిదండ్రులారా, కొత్త చెప్పు కరిస్తే నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. పట్టి జారే చైను సర్దుకోదు. పెడలు మీద కాలు పెట్టేది పిల్లలు, తేడా ముందుగా తెలిసేదీ వారికే. "నాన్నా, సైకిలు బాగాలేదు" అని చెప్పినప్పుడు పేపరు పక్కన పెట్టి ఒక్కసారి వీధి చివరి వరకు మీరే తొక్కి రండి. పట్టేది ఐదు నిమిషాలే. మా అమ్మాయి రెండుసార్లు అడిగింది. ఆ ఐదు నిమిషాలు నేను ఇవ్వలేదు.