ఇంజనీర్లను పంపాం, సైన్సు పంతుళ్లను ఎప్పుడు పంపుతాం?

నాగలాపురం, విలాత్తికుళం, కోవిల్‌పట్టి, విరుదునగర్ పరిసరాల్లోని తెలుగు ఇళ్లలో పిల్లవాడు ప్లస్‌టూ పాసయితే పెద్దలు అడిగేది ఒకటే మాట: ఏ ఇంజనీరింగ్ కాలేజీ? సైన్సు పంతులునవుతానన్నా, బడి ప్రయోగశాలలో పనిచేస్తానన్నా ఆ ఉత్సాహం కనిపించదు. ఈ ధోరణి మారాలని మా అభిప్రాయం.

మన పిల్లల చదువుకు మూడు మెట్లున్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. ఇంట్లో 'ఆవిరి' అన్నది బడిలో 'నీరావి' అవుతుంది, కాలేజీలో 'వేపర్' అవుతుంది. మూడూ ఒకటేనని చెప్పే మనిషి దగ్గర ఉంటే పిల్లవాడు మెట్టెక్కుతాడు. లేకపోతే మాట బట్టీపడతాడు, విషయం చేజారుతుంది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతోంది. వసతి అంటే పుస్తకం ఒక్కటే కాదు, చెప్పగలిగిన మనిషి కూడా. తమిళం వద్దని మేం అనడం లేదు. తమిళం బాగా వచ్చి, తెలుగులోనూ విడమరచి చెప్పగల సైన్సు పంతుళ్లు కావాలంటున్నాం.

ప్రయోగాలకు సరుకు ఇక్కడ కొదవ లేదు. కోవిల్‌పట్టి అగ్గిపుల్ల తలలో పొటాషియం క్లోరేటు, పెట్టె పక్కన ఎర్ర భాస్వరం. రెండూ రాసుకుంటేనే మంట. మన నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. కయత్తారులో గాలిమరల పరీక్షా కేంద్రం ఉంది. మన తూత్తుకుడి జిల్లాలోనే కులశేఖరపట్నంలో రాకెట్ ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. వీటిని పాఠంగా మలిచేవారే కరువు.

చదువుకు అండగా నిలవడం మనవాళ్లకు కొత్త కాదు. కోయంబత్తూరులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు కుమారులు 1926లో ధర్మసంస్థ నెలకొల్పారు. 1951లో దాని ఆధ్వర్యంలో పి.ఎస్.జి. సాంకేతిక కళాశాల వచ్చింది. బడి చదువు పెద్దగా లేని జి.డి. నాయుడు 1945లో సాంకేతిక విద్యాసంస్థ స్థాపనకు పూనుకున్నారు. కోవిల్‌పట్టి దగ్గరే 1984 నుంచి నేషనల్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. కాలేజీలు కట్టించే స్తోమత అందరికీ ఉండదు. ఆ కాలేజీ గుమ్మం దాకా పిల్లల్ని చేయిపట్టి నడిపించే పని మాత్రం ఒక బి.ఎస్‌సి. చదివిన అమ్మాయి కూడా చేయగలదు.

అందుకు దారులున్నాయి. 2022 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన వానవిల్ మన్రం పథకంలో కార్యకర్తలు పరికరాలు తీసుకుని ప్రభుత్వ బడులకు వెళ్లి, 6 నుంచి 8 తరగతుల పిల్లలచేత ప్రయోగాలు చేయిస్తారు. తెలుగువారు ఎక్కువగా ఉన్న ఊళ్లకు తెలుగు వచ్చిన కార్యకర్తలను పంపాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. మన సంఘాలు కల్యాణ మండపాలకు సేకరించే చందాలో కొంత తీసి, బి.ఎడ్. చదివే సైన్సు పట్టభద్రులకు ఉపకారవేతనం ఇవ్వాలి. రిటైరైన ఇంజనీర్లు వారానికి ఒక పూట సొంతూరి బడికి వెళ్లాలి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఒక ఇంట్లో ఇంజనీరు తయారైతే ఆ ఇల్లు బాగుపడుతుంది. ఒక ఊరికి మంచి సైన్సు పంతులు దొరికితే ఏటా కొన్ని ఇళ్లు బాగుపడతాయి. ఈసారి మీ అమ్మాయి పంతులమ్మనవుతానంటే, కాదనకండి.