నకలు వేరు, నకిలీ వేరు



మొన్న వేసవిలో తాడేపల్లిగూడెం నుంచి మా పూర్వ విద్యార్థి ఒకడు నన్ను చూడటానికి ఏలూరు వచ్చాడు. పదో తరగతితో అతని చదువు ఆగిపోయింది. మేనమామ నడిపే వాచీల రిపేరు షాపులో కూర్చుంటున్నాడు. కుశల ప్రశ్నలయ్యాక జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. అందులో ఒక చేతిగడియారం ఉన్నది. నల్లటి డయల్, దాని మీద మూడు చిన్న కళ్లు, కీకి అటూ ఇటూ రెండు బటన్లు.

"నేనే బిగించానండి మాస్టారూ. అసలు దానికీ దీనికీ తేడా ఎక్కడుందో చెప్పండి, చూద్దాం!" అన్నాడు.

భూతద్దం పెట్టి చూశాను. చెప్పలేకపోయాను. అంకెలు, గీతలు, ముళ్లు అన్నీ అచ్చం అలాగే ఉన్నాయి. చివరకు ప్రపంచ ప్రసిద్ధి గల ఆ కంపెనీ పేరు కూడా ఉన్నది. ఏలూరులో ఎవరో పెద్దమనిషి ఇలాంటివి పది చేసి ఇమ్మన్నాడట. మంచి ధర ఇస్తాడట. డయల్ మీద ఆ పేరు మాత్రం ఉండి తీరాలట.

"చేస్తే తప్పాండి?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. తర్వాత ఏమి చెప్పానో, దానికి అతడు నన్ను ఏమి అడిగాడో మీకూ తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కాలాన్ని రాసే యంత్రం

మామూలు వాచీ ఇప్పుడు గంట ఎంతయిందో చెబుతుంది. ఒక పని మొదలయినప్పటి నుంచి పూర్తయ్యేదాకా ఎంత కాలం పట్టిందో విడిగా కొలిచి చెప్పే ఏర్పాటు కూడా ఉంటే దానిని క్రోనోగ్రాఫ్ అంటారు. ఆ మాటకు అర్థం 'కాలాన్ని రాసేది' అని. ఆ పేరు ఊరికే రాలేదు. 1821లో పారిస్ నగరంలో జరిగిన గుర్రప్పందాలలో నికొలా రియుసెక్ అనే గడియారాల నిపుణుడు తన యంత్రాన్ని ఉపయోగించాడు. ఒక్కొక్క గుర్రం గమ్యం చేరగానే అది డయల్ మీద సిరా చుక్క పెట్టేది. సిరా పోయింది గాని పేరు నిలిచింది.

మూడు కళ్ల వాచీ అంటే జనానికి ఇంత మోజు ఎందుకో తెలుసా? 1970 ఏప్రిల్‌లో చంద్రుని వైపు బయలుదేరిన అపోలో 13 నౌకలో ఆక్సిజన్ తొట్టి పేలిపోయింది. విద్యుత్తు ఆదా చేయడానికి చాలా పరికరాలను ఆపివేశారు. తిరుగు దారిలో నౌక దిశ సరిచేయాలంటే ఇంజన్‌ను సరిగ్గా 14 సెకన్లు మండించాలి. వ్యోమగాములు ఆ 14 సెకన్లను తమ చేతికున్న ఒమేగా స్పీడ్‌మాస్టర్ క్రోనోగ్రాఫ్‌తో కొలిచారు. ముగ్గురూ క్షేమంగా భూమికి చేరారు. అటువంటి వాచీ ఖరీదు లక్షల్లో ఉంటుంది. అందుకనే దాని రూపాన్ని పోలిన వాచీలను విడిభాగాలతో బిగించుకునేవారు ప్రపంచమంతటా ఉన్నారు.

ఎలా బిగిస్తారు?

మరుసటి ఆదివారం నేను గూడెం వెళ్లి అతని బల్ల దగ్గర కూర్చున్నాను. కేసు ఒకచోట, డయల్ ఒకచోట, ముళ్లు మరొకచోట కొన్నాడు. లోపల పెట్టింది సీకో కంపెనీ తయారు చేసే వీకే 63 అనే మిషను. దానిలో చిన్న బ్యాటరీ, క్వార్ట్‌జ్ స్ఫటికం ఉంటాయి. ఆ స్ఫటికం సెకండుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ వింత సంఖ్య ఎందుకు? దానిని రెండుతో భాగించండి. వచ్చినదాన్ని మళ్లీ రెండుతో భాగించండి. ఇలా 15 సార్లు చేస్తే సరిగ్గా 1 వస్తుంది. మిషనులోని విద్యుత్ వలయం చేసే పని ఇదే. అలా సెకండుకు ఒక తట్టు చొప్పున గడియారానికి నడక దొరుకుతుంది.

డయల్ వెనుక ఉండే సన్నని కాళ్లు మిషనులోని రంధ్రాలలో సరిగ్గా దిగాలి. ముల్లు రంధ్రం ఇరుసు కన్నా వెంట్రుకవాసి పెద్దదయినా ముల్లు జారిపోతుంది. చిన్నదయితే ఎక్కదు. బటన్ నొక్కినప్పుడు పెద్ద సెకండు ముల్లు తిరిగి సున్నా మీదికే వచ్చి ఆగాలి. అర గీత ప్రక్కకు పోయినా ప్రతి కొలతలోను అదే తప్పు దొర్లుతుంది. అతడు ఆ ముల్లును నాలుగుసార్లు తీసి మళ్లీ పెట్టాడు. వాని చేతులను చూస్తే నాకు గర్వం కలిగింది. పదో తరగతిలో వీడి లెక్కల మార్కులు చూసి వీడికేం వస్తుందని అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

రైలులో పరీక్ష

మధ్యాహ్నం ఇద్దరం పాసింజరు బండిలో ఏలూరు బయలుదేరాం. పట్టాల ప్రక్కన కిలోమీటరు రాళ్లు ఉంటాయి గదా! ఒక రాయి దగ్గర బటన్ నొక్కి, తర్వాతి రాయి దగ్గర మళ్లీ నొక్కాం. 45 సెకన్లు. గంటకు 3,600 సెకన్లు కనుక 3,600ని 45తో భాగిస్తే 80. బండి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నదన్నమాట. వాచీ అంచు మీద చెక్కిన అంకెలు ఈ భాగహారాన్ని మన బదులు చేసి పెడతాయి. అక్కడ కూడా 80 అనే ఉన్నది. కుర్రవాడు పొంగిపోయాడు.

తర్వాత పూళ్ల స్టేషనులో బండి కదలగానే బటన్ నొక్కమన్నాను. కిటికీలోంచి కొల్లేటి వైపు చేపల చెరువులను చూస్తూ కూర్చున్నాం. భీమడోలులో ఆగగానే నొక్కాడు. నా ఫోను ప్రకారం ఏడు నిమిషాలు పట్టింది.

"నీ వాచీ ఎంత అంటున్నది?"

అసలు వాచీలో నిమిషాలు చూపేది కుడి కన్ను. దాని మీద 30 వరకు అంకెలుంటాయి. మా వాడు కుడి కన్ను చూశాడు. అది దాదాపు 19 నిమిషాలు చూపుతున్నది! వాడి ముఖం వాడిపోయింది.

జరిగిందేమిటో ఆలోచించండి. వీకే 63 మిషనులో కుడి కంటి ముల్లుకు నిమిషాలతో పనిలేదు. అది రోజుకు ఒకసారి తిరిగే 24 గంటల ముల్లు. మధ్యాహ్నం 3 గంటలంటే 15వ గంట. చుట్టులో 24కు 15 వంతులు నడిచింది. 30 అంకెల డయల్ మీద అది 18 ముప్పాతిక అవుతుంది. క్రింది కన్ను అసలు వాచీలో గంటలు లెక్కపెడుతుంది, దాని మీద 12 వరకు ఉంటాయి. ఈ మిషనులో అక్కడ సెకండు ముల్లు నిమిషానికి ఒక చుట్టు తిరుగుతూ ఉన్నది. అసలు దానిలో సెకన్లు చూపే ఎడమ కంటి మీద మాత్రం, ఇక్కడి నిమిషాల ముల్లు 7 దగ్గర బుద్ధిగా నిలబడి ఉన్నది.

ఇందులో మిషను తప్పు ఏమీ లేదు. అది తన పని తాను నిజాయితీగా చేస్తున్నది. ఆ డయల్‌ను అసలు దానికి అచ్చుగుద్దినట్లు చేయడంలోనే వచ్చింది చిక్కు. ముఖం ఎంత బాగా కలిసిందో వాచీ అంతగా అబద్ధం ఆడింది. అపోలో 13లో కొలవవలసింది 14 సెకన్లే. అదే 14 నిమిషాలయి, చేతికి ఉన్నది ఇటువంటి వాచీ అయితే?

1961 నాటి రెండు నకళ్లు

అప్పుడు చెప్పాను నా జవాబు. నకలు చేయడం తప్పు కాదు. చంటిపిల్లలు మాట నేర్చేది నకలుతోనే. దేశాలు పరిశ్రమలు నేర్చిందీ అలాగే. 1961లో మన హెచ్.ఎం.టి. సంస్థ జపాను సిటిజెన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది. అదే 1961లో చైనాలోని టియాంజిన్ ఫ్యాక్టరీకి తమ వైమానికుల కోసం క్రోనోగ్రాఫ్ తయారు చేసే పని అప్పగించారు. అందుకోసం స్విట్జర్లాండు వారి వీనస్ 175 మిషనును తయారు చేసే యంత్రాలను డబ్బు పెట్టి కొన్నారు. రెండూ ఇతరుల విద్యను చూసి నేర్చుకున్న పనులే. కాని అడిగి నేర్చుకున్నారు, తమ వాచీల మీద తమ పేర్లే వేసుకున్నారు. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసివేయాలని ప్రభుత్వం 2016లో నిర్ణయించింది. అయినా మీ తాతగారి పెట్టెలో 'జనతా' వాచీ ఉంటే కీ ఇచ్చి చూడండి, చాలావరకు నడుస్తుంది.

ఎవరి పేరో వేసి అమ్మితే అది నకలు కాదు, నకిలీ. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం దానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. చట్టం సంగతి అలా ఉంచినా, నాలుగుసార్లు ముల్లు తీసి పెట్టిన ఆ చేతుల పేరు ఎక్కడా లేకుండా పోతుంది. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

నాకు తగిలిన ప్రశ్న

నేను ఇంత చెప్పాక కుర్రవాడు కిటికీలోంచి చూస్తూ మెల్లగా అన్నాడు: "మరి తొమ్మిదో తరగతిలో లోలకం ప్రయోగం నేను చేయలేదండి మాస్టారూ. మా సీనియర్ రికార్డు చూసి అంకెలు దించేశాను. మీరు ఎర్రసిరాతో సంతకం పెట్టి పదికి పది వేశారు."

నా దగ్గర జవాబు లేదు. ఆ ఏడాది రికార్డుల కట్ట చాలా పెద్దది, పరీక్షలు దగ్గర పడ్డాయి, ఇవన్నీ సాకులు. ముఖం అచ్చుగుద్దినట్లుంటే చాలు, లోపలి ముల్లు ఏమి కొలుస్తున్నదో ఎవరూ చూడరు అని వాడికి మొదట నేర్పినవాణ్ణి నేనే.

అప్పటి నుంచి మా బడిలో ఒక మార్పు చేశాను. ఈ ఏడాది పిల్లలను కొల్లేటిలో కలిసే ఒక డ్రెయిను గట్టుకు తీసుకుపోయాను. పది మీటర్ల దూరం త్రాడుతో కొలిచి రెండు కర్రలు పాతాం. ఒక కొబ్బరికాయను నీటిలో వదిలి, ఒక కర్ర నుంచి రెండవ కర్రకు చేరడానికి ఎంతసేపు పట్టిందో చూశాం. ఒక జట్టు రాసిన అంకెలు: 31, 34, 30, 33, 32. ఇంకో జట్టు 32, 32, 32, 32, 32 అని రాసింది. రెండవ జట్టు పుస్తకమే అందంగా ఉన్నది. సున్నా ఇచ్చాను. గాలి వీస్తుంది, నీరు సుడి తిరుగుతుంది, కంటికి కనిపించాక వేలు కదలడానికి కూడా సెకండులో అయిదో వంతు దాకా పడుతుంది. నిజంగా కొలిచినవారి అంకెలు కాస్త చెదరకుండా ఉండవు. మొదటి జట్టు సగటు 32 సెకన్లు. అంటే పైనీటి వేగం సెకండుకు సుమారు 31 సెంటీమీటర్లు. వర్షాకాలంలో కొల్లేటికి ఎంత నీరు వచ్చి పడుతున్నదో, ఉప్పుటేరు గుండా సముద్రానికి ఎంత పోగలదో లెక్కించడానికి ఇటువంటి కొలతలే ఆధారం. లంక గ్రామాలవారికి ఆ లెక్క వట్టి రికార్డు పుస్తకం కాదు సుమా!

మా పూర్వ విద్యార్థి ఆ డయల్ తీసివేశాడు. మిషనుకు తగినట్లు ఎడమ కంటికి నిమిషాలు, క్రింది కంటికి సెకన్లు, కుడి కంటికి 24 గంటలు వేసిన మరో డయల్ బిగించాడు. పేరు వేసే చోటు ఖాళీగా ఉన్నది. తన పేరు వేయడానికి ఇంకా సిగ్గుపడుతున్నాడు. పది వాచీలు కావాలన్న పెద్దమనిషి మళ్లీ రాలేదు. వాడికి ఆ నష్టం చిన్నది కాదని నాకు తెలుసు. మొన్న కొబ్బరికాయ ప్రయోగానికి ఆ వాచీనే అడిగి తెచ్చుకున్నాం.

మీరూ ఒక పని చేయండి. మీ ఇంట్లో ఉన్న ఏ వాచీనయినా తీసుకోండి. ఏడు రోజులు, రోజూ ఒకే వేళకు, ఫోనులోని కాలంతో పోల్చి ఎన్ని సెకన్లు ముందుందో, ఎన్ని వెనుకబడిందో రాసుకోండి. గ్రాఫు కాగితం మీద గుర్తించండి. చుక్కలు ఒకే గీత మీద రాకపోతే కంగారు పడి దిద్దకండి. వచ్చినవి వచ్చినట్లే ఉంచి, క్రింద మీ పేరు రాసి మీ మాస్టారికి చూపించండి.