జపాన్ సినిమాలో మన మిరపచేను

మన ‘ఆర్ఆర్ఆర్’ 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలైంది. 1998 నుంచి అక్కడ ‘ముత్తు’ పేరు మీదున్న వసూళ్ల రికార్డుని దాటేసింది. 2024 జనవరిలో తకరజుక అనే పేరున్న నాటక సంస్థ ఆ కథనే రంగస్థలం మీద ఆడింది. ఆ సంస్థలో నటించేవాళ్లంతా ఆడవాళ్లే! మన భీమ్, మన రామ్ వేషాలు కూడా ఆడవాళ్లే కట్టారు. వాళ్లు మన సినిమాని అంత ముచ్చటపడి చూశారు సరే, వాళ్ల సినిమా ఒక్కటైనా మనలో ఎంతమందిమి చూశాం? జపాన్ సినిమా అంటే కత్తులు తిప్పే సమురాయ్‌లు, ఊళ్లు తొక్కేసే గాడ్జిల్లా, పిల్లలు టీవీకి అతుక్కుపోయి చూసే డోరేమాన్... చాలామందికి తెలిసింది అంతవరకే.

నన్నడిగితే ఆ సినిమాలు ముందుగా చూడాల్సింది గుంటూరు, ప్రకాశం ఆడవాళ్లమే అంటాను. మనం రోజూ చేసే పనికీ, ఆ పనిలో పడే నొప్పికీ, పైకి చెప్పుకోని దిగులుకీ మన తెరమీద దొరకని చోటు ఆ తెరమీద దొరుకుతుంది గనక!

పువ్వు కోసే చేతులు

1991లో ఇసావో తకహాత అనే దర్శకుడు ‘ఓన్లీ ఎస్టర్డే’ అని ఓ బొమ్మల సినిమా తీశారు. బొమ్మల సినిమా అనగానే పిల్లలకనుకునేరు, ఇది అచ్చంగా పెద్దవాళ్లది. టోక్యోలో ఉద్యోగం చేసుకునే తాయెకోకి ఇరవై ఏడేళ్లు. పెళ్లి కాలేదు. సెలవు పెట్టి, అక్క అత్తవారి తరపు వాళ్లుండే పల్లెకి కుసుమ పూలు కోయడానికి వెళుతుంది. మనకి కుసుమ అంటే నూనె గుర్తొస్తుంది, అక్కడ ఆ పూలతో పెదవులకి పూసుకునే ఎర్ర రంగు చేసేవారు. పూర్వం ఆ పూలు కోసే బీద పిల్లల చేతులు ముళ్లకి చీరుకుపోయేవట. ఆ రక్తమే ఆ రంగుకి మరింత ఎరుపు తెచ్చేదని ఓ కథ. కోసిన పిల్ల మాత్రం జన్మలో ఒక్కసారైనా ఆ రంగు పూసుకుని ఎరగదు!

ఈ ముక్క వింటే మనకి ఏం గుర్తొస్తుంది చెప్పండి? మిరప కోతలు రాగానే కర్నూలు వైపు నుంచి సంసారాలకి సంసారాలు మూటలు కట్టుకుని మన ఊళ్లకి దిగుతాయి. పొద్దుగూకేదాకా కోసి, కల్లంలో తాలుకాయలు ఏరి, తొడిమలు తీసి ఇంటికొచ్చిన ఆడమనిషి చంటిపిల్లని ఎత్తుకోవడానికి జంకుతుంది. ఎన్నిసార్లు కడిగినా, కొబ్బరినూనె రాసినా చేతుల మంట పోదు. పత్తి తీసే వాళ్ల వేళ్లయితే ఎండిన కాయ అంచులకి గీసుకుపోయి ఉంటాయి. గుంటూరు మిర్చి ఘాటు గురించి దేశదేశాలా చెప్పుకుంటారు గానీ, ఆ ఘాటు ముందుగా తగిలే చేతుల మాట ఎవరూ ఎత్తరు.

మన సినిమాల్లో పొలంలో ఆడవాళ్లు కనిపించరా అంటే, ఎందుకు కనిపించరు? పాట మొదలవగానే నడుముకి కొంగు బిగించి వరసలో నిలబడతారు. పాట అయిపోగానే పొలమూ అయిపోతుంది. బి.నర్సింగరావు ‘దాసి’ (1988) లాంటివి వచ్చాయి, కాదనను. కానీ వాటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

బిందె నీళ్ల బతుకు

ఇంకో సినిమా చెబుతాను. 1960లో కనెతొ షిందో తీసింది. ఇంగ్లీషులో ‘ది నేకెడ్ ఐలాండ్’ అంటారు, మన భాషలో ‘బోడి దీవి’ అనుకోవచ్చు. 1961 మాస్కో చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి అందుకుంది. చుట్టూ సముద్రమున్న చిన్న దీవిలో ఓ భార్యా, భర్తా, ఇద్దరు మగపిల్లలు. తాగడానికి చుక్క నీళ్లు లేవు. పక్క దీవి నుంచి పడవలో తెచ్చుకుని, కావడి భుజాన వేసుకుని, గుట్ట ఎక్కి మొక్కమొక్కకీ పోసుకోవాలి. గంటన్నర పైగా సాగే ఈ సినిమాలో మాటలు దాదాపు లేనే లేవు!

ఓ రోజు ఆమె కాలు జారి నీళ్లు ఒలికిపోతాయి. మొగుడు ఒక్క లెంపకాయ కొడతాడు. ఆమె లేచి మళ్లీ పనిలో పడుతుంది. కొన్నాళ్లకి పెద్దకొడుకు జ్వరంతో చనిపోతాడు. అంత్యక్రియలయ్యాక ఎప్పట్లాగే నీళ్లు తెచ్చిన తల్లి, ఉన్నట్టుండి ఆ నీళ్లు నేలపాలు చేసి, మొక్కలు పీకేసి, మట్టిలో పడి ఏడుస్తుంది. భర్త ఈసారి చెయ్యెత్తడు. చూస్తూ నిలబడతాడు. ఏడ్చి ఏడ్చి ఆమే లేస్తుంది. మిగిలిన నీళ్లు మళ్లీ మొక్కలకి పోస్తుంది.

మార్కాపురం, కనిగిరి వైపు ట్యాంకరు కోసం బిందెలతో కాచుకున్న ఆడవాళ్లకి ఈ కథ ఎవరైనా విడమరిచి చెప్పాలా? 1987-88లో తెల్లదోమ పత్తిని దెబ్బతీసి, అప్పులు మీదపడి, ఈ రెండు జిల్లాల్లో ఎందరో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ అప్పూ, ఆ చేనూ, ఆ పిల్లలూ ఎవరి నెత్తిన పడ్డాయి? ఆ ఇల్లాళ్లు మళ్లీ పొలానికి వెళ్లిన రోజుని మన సినిమా ఎప్పుడైనా తీరిగ్గా చూపించిందా? అరవై ఏళ్లు దాటిన ఆ జపాన్ సినిమా చూస్తే, మనకి తెలిసినామె ఎవరో అందులో ఉన్నట్టే అనిపిస్తుంది.

పొలం పనితో సంబంధం లేని ఇళ్లకీ ఓ సినిమా ఉంది. 1953లో ఓజు తీసిన ‘టోక్యో స్టోరీ’. ఊళ్లో ఉండే ముసలి దంపతులు పిల్లల్ని చూడాలని టోక్యో వెళతారు. కొడుక్కీ కూతురికీ తీరికుండదు. యుద్ధంలో పోయిన ఇంకో కొడుకు భార్య నొరికో మాత్రం ఆఫీసుకి సెలవు పెట్టి వాళ్లని ఊరంతా తిప్పుతుంది. ఆ అత్తామామలు ఆమెతో ఏమంటారో తెలుసా? మావాణ్ణి మర్చిపో, మళ్లీ పెళ్లి చేసుకో అంటారు! 2012లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక ప్రపంచ దర్శకుల్ని అడిగితే ఎక్కువ ఓట్లు దీనికే పడ్డాయి. కొడుకు హైదరాబాదులో, కూతురు అమెరికాలో ఉన్న ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు?

నిదానం అంటారేమో!

“అబ్బే, నిదానంగా నడుస్తాయండీ” అనేవాళ్లుంటారు. నిజమే. కానీ బియ్యంలో రాళ్లేరడం, పిండి రుబ్బడం, జబ్బుపడ్డ అత్తగారి పక్కన రాత్రంతా కూచోవడం ఏమన్నా వేగంగా జరిగే పనులా? ఆ పనులకి పట్టే సమయాన్ని కత్తిరించకుండా చూపించడమే ఆ సినిమాల గొప్ప. అలాగని జపాన్‌లో తీసినవన్నీ ఆణిముత్యాలని నేననను. హింసా, చవకబారుతనం అక్కడా ఉన్నాయి. ‘బోడి దీవి’లో ఆ లెంపకాయ ఎందుకు కొట్టావని ఎవరూ అడగరు. అది చూసి మనం అడగాలి, మన పిల్లల చేత అడిగించాలి.

ఇంకో సంగతి వినండి. కినుయో తనక అని అక్కడ గొప్ప నటి. ఆమె 1953లో దర్శకురాలైతే, ఆమెతో ఎన్నో సినిమాలు తీసిన మిజొగుచి అంతటివాడే తర్వాత అడ్డుపడ్డాడు. ఆమె ఆగలేదు, మొత్తం ఆరు సినిమాలు తీసింది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఓ కవయిత్రి కథని 1955లోనే తెరకెక్కించింది! సరిగ్గా అదే 1953లో మన ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతిగారు ‘చండీరాణి’కి దర్శకత్వం వహించారు. అదీ మూడు భాషల్లో! గుంటూరు జిల్లా చిర్రావూరు ఆడపడుచు సావిత్రి 1968లో ‘చిన్నారి పాపలు’ తీసింది. అంటే మనకి దారి వేసినవాళ్లు లేక కాదు. ఆ దారిలో నడవడానికి ఆడపిల్లలకి డబ్బు పెట్టేవాళ్లూ, చూస్తామని ముందుకొచ్చేవాళ్లూ కరువయ్యారు.

చూసేవాళ్లం మనమే కదా! పొదుపు సంఘం మీటింగయ్యాకో, కాలేజీలో ఓ శనివారం మధ్యాహ్నమో ఒక సినిమా వేసుకుంటే పోయేదేముంది? తెర కింద ఇంగ్లీషు అక్షరాలొస్తే చదువుకునే అమ్మాయి అమ్మకి చదివి చెబుతుంది. ముందుగా ‘బోడి దీవి’ వేయండి. దానికి ఏ భాషా రానక్కర్లేదు. సినిమా అయ్యాక వెనక వరసలోంచి ఎవరో ఒకావిడ “మరి మన మిరప కోతల మీద ఇలాంటిది ఎప్పుడు తీస్తారమ్మా?” అని అడక్కపోదు. ఆ ప్రశ్న మన ఊళ్లలో పుట్టడానికైనా ఆ సినిమాలు చూడాలి.